లోపల ఉన్నారు

“గదిలో మేస్త్రీ బాబాయ్ లేడండీ. ఉంటే గోడ చెప్పేది.”

కంట్రోల్ రూమ్ అమ్మాయి ఈ మాట రెండోసారి అనేసరికి ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. నవ్వి, పక్క కుర్చీలో ఉన్న డిటెక్టివ్ వంక చూశాడు.

డిటెక్టివ్ నవ్వలేదు. “మళ్ళీ చెప్పు,” అంది.

పోలీసు డిపార్ట్‌మెంటులో పనిచేసినన్నాళ్ళూ ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. వెనకాల అందరూ ‘మళ్ళీచెప్పు మేడమ్’ అనేవారు. మొదటిసారి చెప్పేది అబద్ధం, రెండోసారి చెప్పేది బట్టీ, ఆ తర్వాత నోరు జారేది నిజం అని ఆవిడ సిద్ధాంతం. రిటైరై సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ జబ్బు వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ కూడా ఒకప్పుడు ఆవిడ కిందే ఓనమాలు దిద్దినవాడు. నేర్పినవాళ్ళని మించాలని ఎవరికైనా ఉంటుంది, అతనికి కాస్త ఎక్కువగా ఉంది.

ఈసారి మాత్రం ఆవిడను ఫీజిచ్చి పిలిచిన పార్టీ ఎవరూ లేరు. మొన్న ఈ భవనం ఆరో అంతస్తులో ఊపిరాడక చనిపోయిన ఏసీ మేస్త్రీ ఆవిడకు స్వయానా మరిది. చదువు మధ్యలో వదిలేసి, ఇంట్లోవాళ్ళని ఎదిరించి అతన్ని చేసుకున్న చెల్లెలు ఇదే భవనంలో గదులు తుడిచే పనిలో ఉంది. “ఆ పిల్ల కావాలనే మీట నొక్కిందక్కా. దానికి శిక్ష పడేలా చూడు,” అని చేతులు పట్టుకుంది. చూస్తానని అక్క మాటిచ్చేసింది. ఇప్పుడు ఈ పిల్ల మొహం చూశాక, ఒక్కరోజు ఆగి మాటిచ్చి ఉంటే బాగుండేదనిపిస్తోంది.

“మొదట్నుంచి చెప్పు. కళ్ళతో చూసింది ముందు చెప్పు, మనసులో అనుకున్నది తర్వాత.”

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆమె వెనక గోడంతా ఒకటే తెర. ప్రతి గదికీ ఒక చిన్న గడి, గడిలో ఒకే ఒక్క మాట పట్టేంత చోటు.

“మధ్యాహ్నం కావస్తుండగా ఆరో అంతస్తు రికార్డు గదిలో పొగ అని గంట మోగిందండీ. అక్కడ నీళ్ళు చల్లితే కాగితాలు పాడవుతాయి. మంటనార్పే గ్యాస్ వదలాలి. అది వస్తే మనిషికి గాలి ఆడదు. అందుకని లోపల అలికిడి ఉంటే భవనం దానంతటది వదలదు, నన్ను అడుగుతుంది. తెర మీద ‘ఉన్నారు’ అని ఉంది. అంతలో మేనేజర్ గారి ఫోన్. ‘నేను బయటికొచ్చేశాను, ఇంకా చూస్తావేంటి, వదులు’ అన్నారు. నేను ‘ఎవరూ లేరు’ అని నొక్కాను.”

“తెర ఇంకా ‘ఉన్నారు’ అంటూండగానే నొక్కావా?”

“అది మేనేజర్ గారిదనుకున్నానండీ. మనిషి బయటికొచ్చాక కూడా కాసేపు అలాగే చూపిస్తుంది ఒక్కోసారి.”

“మేస్త్రీ ఉన్నాడేమోనని అనుమానం రాలేదా?”

“రాలేదండీ. బాబాయ్ అయితే ‘ఉన్నాడు’ అని ఉండేది.”

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. “ఇదీ వరస! మనిషి ప్రాణం పోతే వ్యాకరణం చెబుతోంది. మేడమ్, నేను చెబుతాను వినండి. పోయిన నెల ఈవిడ డ్యూటీలో నిద్రపోయిందని మేస్త్రీ పైవాళ్ళకి చెప్పాడు. రావలసిన ప్రమోషన్ పోయింది. తెర ఉన్నారంటే ఈవిడ లేరని నొక్కింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది కేసు.”

“నిద్రపోయింది నిజమే,” అంది అమ్మాయి. “ఆ మర్నాటి నుంచి బాబాయే ఫ్లాస్కులో టీ పోసి తెచ్చేవాడు. చెప్పక తప్పలేదే, మనసులో పెట్టుకోకు అన్నాడు. నేను... నేనే చంపానండీ. కానీ కావాలని కాదు.”

ఆ మాటతో గదిలో ఇక ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ లేచి, డిటెక్టివ్‌ను వరండాలోకి రమ్మని సైగ చేశాడు.

“నేను మీ చెల్లెలికి న్యాయం చేస్తుంటే మీరే అడ్డుపడుతున్నారు. లోకం ఏమనుకుంటుంది?”

“లోకం సంగతి తర్వాత చూద్దాం. ఉన్నారు వేరు, ఉన్నాడు వేరు అంటోంది ఆ పిల్ల. అదేమిటో తేలకుండా ఆమె మీద చెయ్యి వెయ్యకు.”

“అలా ఎవరైనా అనొచ్చు మేడమ్. సాక్ష్యం లేని జాలి చెల్లని కాసు అని నేర్పింది మీరే. నాలుగింటికి తీసుకెళ్తున్నాను. ఈలోపల ఏం తవ్వుకుంటారో తవ్వుకోండి.”

తాను నేర్పిన పాఠం తనకే అప్పజెబుతుంటే ఆవిడకు కోపం రాలేదు. ఎన్ని మంచి మాటలుండగా పోయి పోయి దీన్నే ఎందుకు నేర్పానా అని బాధేసింది.

* * *

ఆ భవనానికి పనివాళ్ళు పెట్టుకున్న పేరు ‘అత్తగారు’. ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, ఏ గదిలో దీపం ఊరికే వెలుగుతోంది, అన్నీ దానికి కావాలి. అయితే సాధింపులు లేని అత్తగారు. ఎండ పడే వైపు కిటికీ తెరలు తనే దించుతుంది. మీటింగు గదిలో పదిమంది చేరితే పదిమందికి సరిపడా కొత్త గాలి పంపుతుంది, లేచి వెళ్ళిపోతే తగ్గించుకుంటుంది. ఇదివరకు ఒక మూల స్వెట్టర్లేసుకుని వణికేవాళ్ళు, ఇంకో మూల ఫైళ్ళతో విసురుకునేవాళ్ళు ఉండేవారట. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవలింతలు, సాయంత్రానికి తలనొప్పులు. ఇప్పుడవేవీ లేవు, కరెంటు ఖర్చూ బాగా తగ్గింది. లిఫ్టు దిగగానే నడవాలో దీపాలు ఒక్కొక్కటే వెలిగి దారి చూపుతుంటే డిటెక్టివ్‌కి కూడా హాయిగానే అనిపించింది.

ఇదంతా మరిది చేతి పని. తెచ్చి బిగించింది కంపెనీవాళ్ళే అయినా, ఏ గదికి ఎంత గాలి కావాలో తిరిగి తిరిగి సరిచేసి దీన్ని మనుషుల్లో పడేసింది అతనే. చెల్లెలింటికి వెళ్ళినప్పుడల్లా ఆ కబుర్లే చెప్పబోయేవాడు. “గదికి కూడా ఊపిరుంటుందండీ వదినగారూ,” అని మొదలుపెట్టేవాడు. ఆవిడ పేపరు చూస్తూ ఊఁ కొట్టేది. ఒక్కనాడైనా ఆ పేపరు పక్కన పడేసి వినాల్సింది.

రికార్డు గది తలుపు తీయడానికి వాచ్‌మన్ తోడొచ్చాడు. గది నిండా ఇనప అలమరాలు. చివరి అలమరా వెనక నిచ్చెన, నిచ్చెన పైన సీలింగులో చిన్న తలుపు. తలుపు దగ్గర నిలబడితే ఆ నిచ్చెన కనపడదు. డిటెక్టివ్ మోకాళ్ళ నొప్పితోనే ఎక్కి పైకి తల పెట్టింది. ఫ్యాను పెట్టె, దానికి కాలి నల్లబడ్డ రబ్బరు బెల్టు. ఆ పెట్టె కీచుమంటోందనే మరిది ఎక్కాడు. ఆ బెల్టు రాసుకునే పొగ వచ్చింది. అతను బాగుచెయ్యబోయిన దానివల్లే గంట మోగింది.

“ఫ్యాను వేసి, గంట కొట్టి చూడు,” అని కేకేసింది.

ఫ్యాను హోరులో గంట ఎక్కడో పక్క వీధిలో మోగినట్టు వినపడింది. చెవులకు అడ్డం పెట్టుకుని పనిచేసే మనిషికి అదీ వినపడదు. పొగ బెల్టు దగ్గర పుట్టి ఫ్యాను గాలితో పాటు కిందికి పోయింది, పైన ఉన్నవాడికి తెలిసే దారి లేదు. అవతల అలమరాల దగ్గర ఫైలు వెతుక్కుంటున్న మేనేజరుకి, ఇంకో మనిషి తన నెత్తి మీదే ఉన్నాడని తెలిసే దారీ లేదు. ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు.

దిగొచ్చి, గది బయట తలుపు పక్కనున్న చిన్న తెర ముందు నిలబడింది. “నువ్వు లోపలికెళ్ళు.”

వాచ్‌మన్ మెడలో కార్డుతో లోపలికి నడిచాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి: ‘లోపల ఉన్నాడు’.

“ఇదేమిటయ్యా, నిన్ను ఏకవచనంలో పిలుస్తోంది?”

“అత్తగారు కదమ్మా,” అన్నాడు వాచ్‌మన్ బయటికొచ్చి, కొంచెం సిగ్గుపడుతూ. “అల్లుళ్ళకి ‘రు’, కోడళ్ళకి ‘ది’, మాలాంటివాళ్ళకి ‘డు’. ఆఫీసర్లు ఉన్నారు, వాచ్‌మన్ ఉన్నాడు, తుడిచే ఆవిడ ఉంది. కార్డు ఇచ్చేటప్పుడే ఆ లెక్క పెట్టేశారు. మాకూ అలవాటైపోయింది. పైన కంట్రోల్ రూములో పేర్లు పట్టవు కదా, ‘డు’ పడితే మనవాడు, ‘రు’ పడితే దొరగారు అని చివరక్షరం చూసే చెప్పేస్తారు.”

ఆ పిల్ల చెప్పింది వ్యాకరణం కాదు, పని. రోజూ అన్ని గదులు చూసే కన్ను మాటంతా చదవదు, చివరక్షరం చూసి పక్క గదికి పోతుంది.

“మేస్త్రీ కార్డు ఏదీ?”

పోలీసులు చూసి తిరిగిచ్చేసిన సామాన్లలో అది ఉంది. వాటిని పెట్టుకుని చెల్లెలు కింద సిబ్బంది గదిలో కూర్చుని ఉంది. వాచ్‌మన్ వెళ్ళి కార్డు అడిగి తెచ్చాడు. డిటెక్టివ్ తన విజిటర్ కార్డు తీసి వాచ్‌మన్ చేతికిచ్చి, మరిది కార్డు మెడలో వేసుకుని లోపలికెళ్ళింది.

“ఏం పడింది?”

ఆవిడే బయటికి తల పెట్టింది. వాచ్‌మన్ తెర వంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“‘ఉన్నారు’ అని పడిందమ్మా. మేస్త్రీకి ‘రు’ ఎప్పుడొచ్చింది? పోయాక పెరిగిందా మర్యాద?”

* * *

మేనేజరు నిద్రపోయి రెండు రాత్రులైనట్టుంది. డిటెక్టివ్ వచ్చి కూర్చోగానే గదిలోకి ఇంకాస్త చల్లగాలి వచ్చింది. అతనికి మాత్రం చెమటలు ఆరలేదు.

“మేస్త్రీ కార్డుకి ఆ మాట ఎప్పుడు మార్చారు?”

“మార్చడమేమిటండీ? మొదట్నుంచీ అంతే. సీనియర్ మనిషి కదా.”

“మారిస్తే మీ కంప్యూటర్లో నమోదవుతుందా?”

“చలీ వేడీ మారిస్తే అవుతుంది. రాతలకి ఎందుకవుతుంది? అయినా ఒక్క అక్షరం కోసం ఎవరు పనిగట్టుకుని కూర్చుంటారండీ?”

“నేను మాట అన్నాను. అక్షరం అన్నది మీరు.”

మేనేజరు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“ఏ మాట మారిందో నేను చెప్పలేదు,” అంది ఆవిడ, గొంతు పెంచకుండా. “పేరు మారిందా, హోదా మారిందా అని మీరు నన్ను అడగనైనా అడగలేదు. మారింది ఒక్క అక్షరమేనని మార్చినవాళ్ళకే తెలుస్తుంది. మళ్ళీ చెప్పండి. ఎప్పుడు?”

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. “ముందు రోజు సాయంత్రం. రెండు నిమిషాల పని. కంట్రోల్ రూముకి పొద్దున్నే చెబుదామనుకున్నాను. పొద్దున్నే మీటింగన్నారు, మీటింగుకి ఫైలు కావాలన్నారు, ఫైలు కోసం నేనే ఆ గదికి వెళ్ళాను... చెబుదామనే అనుకున్నానండీ.”

“ఎందుకు మార్చారు? మేస్త్రీ అడిగాడా?”

“ఆయన జన్మలో అడిగే మనిషి కాదు.” మేనేజరు తలెత్తలేదు. “ఆయన భార్య అడిగింది. ఈ గది తుడుస్తూ తుడుస్తూ ఆగి, ‘సార్, ఒక్కమాట చెబితే ఏమీ అనుకోరుగా’ అంది. ఇంత భవనానికి ఊపిరి పోసే మనిషిని ఆ గోడ వాడూ వీడూ అన్నట్టు అంటుంటే మనసుకి కష్టంగా ఉంది సార్ అంది. నాకూ న్యాయమే అనిపించింది. ఇంటికెళ్ళి, ఇవాళో మంచి పని చేశానని మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను.”

ఇన్నేళ్ళ సర్వీసులో డిటెక్టివ్ ఎన్నో నేరాలు ఒప్పించింది. ఒప్పుకున్నవాడి ముందు కూర్చుని, ఈ నిజం నాకు తెలియకపోయినా బాగుండేది అనుకోవడం ఇదే మొదలు.

“ఇదే ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి.”

“చెప్పను. చెబితే ఆ అమ్మాయి బదులు నేను వెళ్ళాలి. నాకూ పిల్లలున్నారండీ. మీరు చెప్పుకోండి, నేను కాదంటాను.” అంటూనే ఏడ్చాడు. దుర్మార్గుడైతే తిట్టి లేచిపోవచ్చు, పిరికివాణ్ణి ఏం చెయ్యాలో ఆవిడకు తోచలేదు.

ఇన్‌స్పెక్టర్ లిఫ్టు దగ్గరే కాచుకుని ఉన్నాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. ఈసారి వెటకారం చెయ్యలేదు.

“నిజమే కావచ్చు మేడమ్. కానీ ఇవాళ కార్డు ‘రు’ అంటోంది కాబట్టి మొన్నటిదాకా ‘డు’ అనేదని కోర్టు నమ్మదు. మార్చినవాడు కాదంటున్నాడు. రాత ఎక్కడా లేదు. ముందు రోజు అలా ఉండి మర్నాటికి ఇలా మారిందని చూపించే కాగితం ముక్క ఒక్కటివ్వండి, ఆ అమ్మాయిని ఇప్పుడే ఇంటికి పంపిస్తాను.”

“అడిగిన మనిషి చెబితే?”

అతనికి అర్థమైంది. కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. “మీ చెల్లెలిని అడుగుతారా?”

ఆవిడ మెట్లు దిగింది. లిఫ్టులో అయితే తొందరగా చేరిపోతుంది.

* * *

సిబ్బంది గదిలో బల్ల మీద చెల్లెలు ఒక్కతే ఉంది. ఒళ్ళో మొగుడి పనిముట్ల సంచి. అక్కను చూడగానే లేచింది.

“దొరికిందా అక్కా? ఎందుకు నొక్కిందో చెప్పిందా?”

“కూర్చో,” అని తనూ పక్కన కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దొంగల్నీ హంతకుల్నీ మాటల్లో పడేసే మనిషికి, చిన్నప్పుడు తను జడలేసిన పిల్లతో మాట కలవలేదు.

చెల్లెలే సంచి పక్కన పెట్టి ఫోన్ తీసింది. “నీకు ఇది చూపించాలనుకున్నానక్కా. ఆయన మాట వచ్చినప్పుడల్లా చూసుకుంటున్నాను.”

రెండు ఫోటోలు. రెండూ రికార్డు గది తలుపు పక్కనున్న తెరవే. ఒకదాంట్లో ‘లోపల ఉన్నాడు’. రెండోదాంట్లో ‘లోపల ఉన్నారు’. దాని అంచున తెర వంక వేలు చూపిస్తూ, తలుపులోంచి బయటికి వంగి నవ్వుతున్న మరిది.

“మేనేజరు గారికి చూపిద్దామని ముందు రోజు సాయంత్రం తీశాను మొదటిది. పాపం, అడగ్గానే మార్చారు. రెండోది మర్నాడు పొద్దున తీసింది. చూసి, ‘ఏంటే, గోడ కూడా నన్ను అల్లుణ్ణి చేసేసింది’ అని ఒకటే నవ్వు. నవ్వుతూనే లోపలికెళ్ళారు.” ఆమె ఫోన్ అద్దాన్ని కొంగుతో తుడిచింది. “మన ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా ఆయన్ని ‘వచ్చారు’ అన్నారా అక్కా? నువ్వు కూడా ‘మీ మేస్త్రీ వచ్చాడా’ అనేదానివి. నేనేమీ అనుకోలేదులే. పోనీ, గోడ అయినా అననీ అనుకున్నాను.”

“మరి నీకేమంటుంది?”

“నాకా? ‘ఉంది’ అంటుంది. కుర్చీకీ నాకూ ఒకటే మాట. నాకేం పర్లేదక్కా.”

ఫోటోల కింద తేదీ, టైము స్పష్టంగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ అడిగిన కాగితం ముక్క ఇదే. దీన్ని చూడనట్టు ఊరుకుంటే చెల్లెలికి ఆ నవ్వు మిగులుతుంది, పైనున్న పిల్ల జైలుకి పోతుంది. ఇచ్చిన మాట కూడా నిలబడుతుంది.

నడవాలో బూట్ల చప్పుడు. కంట్రోల్ రూమ్ అమ్మాయిని ఇద్దరు పోలీసుల మధ్య నడిపించుకొస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు.

“అమ్మడూ, ఈ ఫోన్ అతనికి చూపించాలి.”

“ఎందుకు? ఇది మా ఇద్దరిదీ.”

“ఆ పిల్ల కావాలని నొక్కలేదే. లోపల మరిది ఉంటే ‘డు’ పడుతుందని రోజూ చూసే అలవాటు. ఆ రోజు ‘రు’ పడింది. మేనేజరు బయటికొచ్చేశాడు, ఆ ‘రు’ ఆయనదే అనుకుంది. మారిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.”

చెల్లెలు అర్థం కానట్టు చూసింది. ఫోన్ వంక చూసింది, గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డ అమ్మాయి వంక చూసింది, మళ్ళీ ఫోన్ వంక చూసింది. ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి, అక్కణ్ణించి వెనక్కి వేలితో జరుపుతూనే ఉంది. ఆ వేలు ఆగిపోవడం అక్క చూసింది. ఎప్పుడూ మొగుణ్ణి ‘ఆయన’ తప్ప ఇంకో మాట అనని మనిషి, తలెత్తి అడిగింది.

“అయితే అక్కా, ‘ఉన్నాడు’ అనే ఉండనిస్తే... ఉండేవాడా?”

డిటెక్టివ్‌కి అబద్ధాలు చెప్పడం చేతకానిదేమీ కాదు. ఉద్యోగమంతా అవే చెప్పి నిజాలు రాబట్టింది. ఇప్పుడు మాత్రం ఒక్కటీ నోటికి రాలేదు.

“ఉండేవాడమ్మా,” అని, ఫోన్ కోసం చెయ్యి చాపింది.